ముందు చెప్పినవాడిదే తప్పు

పూర్వం ఒక రాజధానిలో విద్యార్థుల వసతిగృహం ఉండేది. దాని పెద్ద విరూపాక్షశర్మ ఒక నియమం పెట్టాడు. అందులో ఏదైనా పాడైందని ఎవడు ముందు చెబితే వాడే పాడుచేసినట్టు, వాడే బాగుచేయించాలి. ఆనాటి నుంచి అక్కడ ఏదీ పాడవలేదు. పాడైనా ఎవరి కంటా పడలేదు.

వానాకాలంలో పుచ్చిన దూలం విరిగిపడి, కింద పడుకున్న చెన్నప్ప అనే కుర్రవాడు పోయాడు.

పరామర్శకు మంత్రి వచ్చాడు. "దూలం సంగతి ఒక్కడూ నా చెవిన వెయ్యలేదండీ" అని శర్మ నిట్టూర్చాడు.

చెన్నప్ప పక్కన పడుకునే ఓబులేసు ఆ మాట విన్నాడు. భోజనాల వేళ మంత్రి కూర్చున్న పంక్తిలోనే తానే శర్మకు చోటు చూసి, పీట వేసి, ఆకు పరిచాడు. శర్మ అన్నం కలుపుతుండగా ఆకులో చెక్కపొడి రాలింది. తలెత్తి చూసి, చప్పున పీట మీంచి లేచాడు.

"ఈ దూలం కూడా పుచ్చిపోయిందిరా."

ఓబులేసు చేతులు కట్టుకున్నాడు.

"మేం రోజూ చూస్తూనే ఉన్నాం గురువుగారూ. ముందు చెప్పింది మాత్రం తమరే."

మంత్రి అడిగితే ఓబులేసు నియమం సంగతి చెప్పాడు. శర్మ ముఖం పాలిపోయింది.

"ఆ నియమం ఇప్పుడే ఎత్తేస్తానండీ."

"రేపు ఎత్తేయండి" అన్నాడు మంత్రి. "ఇవాళ మీరు చెప్పేశారుగా."

శర్మ తన ఇంటి టేకు దూలాలు ఊడదీయించి వసతిగృహానికి వేయించాడు. తోటివాళ్ళు ఓబులేసు తెలివిని మెచ్చుకున్నారు. అతను చెన్నప్ప చాప చుడుతూ తలెత్తలేదు.

"వీడి మీద పడ్డ దూలాన్ని కూడా మనం రోజూ చూశాం" అన్నాడు.