రెండు జర్మనీ కార్లకు సమన్యాయం

దేవుడు తెలివి పంచిన రోజున వరసలో అందరికంటే ముందు నిలబడింది తన ఇంటివాళ్ళేనని సామర్లకోట గవర్రాజుకు గట్టి నమ్మకం. "మిగతా ఊరికి గిన్నె అడుగున గీకి పెట్టాడండి," అనేవాడు. తమ్ముడు అబ్బులు ఇంకా ఘనుడు. టైమెంతని అడిగినా బాగా ఆలోచించి గానీ చెప్పడు. చెప్పేసరికి టైము మారిపోయేది. గవర్రాజు పెళ్ళాం నూకాలైతే, "మా పిల్లి కూడా ముందూ వెనకా చూసుకునే పాలు తాగుద్ది," అని వీధంతా చాటేది.

ఈ ముగ్గురూ విశాలాక్షిగారి కార్ల షెడ్డు చూసుకుంటూ, ఆవిడ పెరట్లో పెంకుటింట్లో ఉండేవాళ్ళు. షెడ్డులో రెండు పాత జర్మనీ కార్లు. ఒకటి నల్లది, ఒకటి వెండి రంగుది. పైకి చూస్తే బ్యాంకు మేనేజరు ఆఫీసుకెళ్ళే బండ్లలా బుద్ధిగా ఉంటాయి. బానెట్టెత్తితే మాత్రం పందెం ఇంజన్లు! అలాంటివి కాసిని చేసి ఆపేశారట. నల్లదానికి ఎనిమిది సిలిండర్లు. కాలు ఆనిస్తే చాలు, గుంజుకుపోతుంది. వెండిదానికి ఆరే, కానీ వేగం పెరిగేకొద్దీ రాగం తీస్తుంది. ఏది గొప్పదో విశాలాక్షిగారికే తేలలేదు.

"గవర్రాజూ, రేపు కాకినాడలో పాత కార్ల పోటీ. ఇంటికి ఒక్క కారేనట. రెండూ పోల్చి చూసి, ఏది మేలో సాయంత్రానికి చెప్పండి. సరిగ్గా చెబితే ఆ పెంకుటిల్లు మీకే రాసిస్తా. తిక్కపని చేశారో, ఖాళీ చెయ్యాల్సిందే!"

"ఆయ్, అలాగేనండి."

"పోలిక న్యాయంగా ఉండాలి. దీనికేం చేస్తే దానికీ అదే చెయ్యాలి. తెలిసిందా?"

"ఎంతమాటండీ! న్యాయానికి పురుడు పోసిందే మా ఇంట్లోనండి!"

ఆవిడ పెద్దాపురం పెళ్ళికి వెళ్ళిపోయారు. అంతే.

ముగ్గురూ ముందు కార్లు కడుగుదామన్నారు. నల్లకారు తుడుస్తున్న అబ్బులు చేతి కడియం తగిలి జానెడు గీత పడింది.

"ఓరి నీ అసాధ్యం కూలా, ఇల్లు పోయిందిరా!" నూకాలు గుండె బాదుకుంది.

"ఎందుకు పోద్ది వదినా? దానికీ ఓటి గీసేత్తే సరి."

గీశాడు. రెండు వేళ్ళు ఎక్కువైంది. నల్లదాన్ని పొడిగించారు. అది ఇంకాస్త దాటింది. వెండిదాన్ని పొడిగించారు. ఇంకేముంది! మధ్యాహ్నానికి రెండు కార్లకీ మొలతాడు కట్టినట్టు గీత చుట్టూ తిరిగొచ్చి, మొదలెట్టిన చోటే కలిసింది.

"హమ్మయ్య, సమానం!" అన్నాడు గవర్రాజు.

అప్పుడు బానెట్లెత్తారు. నూకాలు తొంగి చూసి ముక్కున వేలేసుకుంది. "అటు ఎనిమిదీ, ఇటు ఆరూనా? ఇదెక్కడి కబడ్డీ అండీ? రెంటిని బయట కూచోబెట్టండి!"

సబబే. నల్లదానికి రెండు ప్లగ్గు వైర్లు పీకారు. స్టార్టు చేస్తే ఖళ్ళుఖళ్ళున దగ్గింది. వెండిది హాయిగా పాడుతోంది.

"ఒకటి దగ్గుతుంటే ఇంకోటి పాడ్డమేంట్రా, సిగ్గులేకుండా?" అన్నాడు గవర్రాజు.

దానికీ రెండు పీకారు. ఇప్పుడు ఇటు ఆరు, అటు నాలుగు. మళ్ళీ తేడా! దీనికి రెండు, దానికి రెండు. అలా పీకి పీకి, చివరికి రెండింటికీ ఒక్క వైరూ మిగల్లేదు. రెండూ నోరు మూసుకున్నాయి.

"ఎంత బుద్ధిగా ఉన్నాయో! ఇప్పుడిక బలం చూద్దాం," అన్నాడు గవర్రాజు.

వాళ్ళది తాతలనాటి నుంచీ ఎడ్ల పందేల వంశం. బలం చూడాలంటే లాగించాల్సిందే. కార్లేమో కదలవు. అంతే, పక్కవీధిలోంచి రెండు జతల ఎడ్లు తెచ్చారు. రెండు కార్లనూ తోకా తోకా కలిపి మోకుతో కట్టి, ముందు చెరో జత పూన్చి, "హెయ్!" అన్నారు. ఫటేలుమని నల్లకారు వెనక బంపరు ఊడి, కొబ్బరిచెట్టు దాకా పోయింది.

"వెండిది గెలిచిందిరా!" అన్నాడు గవర్రాజు.

"దాని బంపరు ఊడలేదుగా అన్నయ్యా. తొండి ఆట!"

గునపం పెట్టి అదీ ఊడగొట్టారు.

సాయంత్రం పెళ్ళి నుంచి తిరిగొచ్చిన విశాలాక్షిగారు గేటులోనే నిలబడిపోయారు. గవర్రాజు ఎదురెళ్ళి దణ్ణం పెట్టాడు.

"తేల్చేశామండి! ఆవగింజంత తేడా లేదండి. గీతకి గీత, దెబ్బకి దెబ్బ. ఏది పంపినా ఒకటేనండి. రెండూ కదలవండి!"

"మా నాన్న ప్రాణంరా అవి!" ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుని, ఒక్క అరుపు అరిచారు. "మెకానిక్కుని తీసుకొస్తున్నా. నేనొచ్చేసరికి ఆ ఇల్లు ఖాళీ! చెంచా కూడా మిగలకూడదు!"

ముగ్గురూ ఏడ్చుకుంటూ సామాను మోశారు. మంచం, మడతకుర్చీ, ఊరగాయ జాడీలు, ఆఖరికి పిల్లి. వీధిలో రుబ్బురోలు మీద కూలబడిన నూకాలు చటుక్కున ముక్కు చీదడం ఆపేసింది.

"ఏవండీ, మన ఇల్లొక్కటీ ఖాళీ చేసి ఊరుకుంటే అన్యాయం కాదూ?"

గవర్రాజు విశాలాక్షిగారి మేడకేసి చూశాడు. అబ్బులూ చూశాడు. అప్పటికే చొక్కా చేతులు మడిచేశాడు.

మెకానిక్కుతో విశాలాక్షిగారు వచ్చేసరికి ఆవిడ పందిరిమంచం, బీరువా, ఫ్రిజ్జు రోడ్డు మీద వరసగా నిలబడి ఉన్నాయి. గోడగడియారం చంకన పెట్టుకుని గవర్రాజు మెట్లు దిగుతున్నాడు.

"ఒక్క నిమిషం అక్కడే ఆగండమ్మా! మా ఇంట్లో చెంచా కూడా లేదండి. మీ వంటింట్లో ఇంకా రెండున్నాయండి. అబ్బులు తెచ్చేత్తన్నాడు!"