చెమటను చదివించిన బూరెగాడు

ఒకప్పుడు మనుషులకు చెమట పట్టేది కాదు. ఎండ ముదిరిందంటే చాలు, పిల్లా పెద్దా అందరూ నాలుక బయట వేసుకుని "హహ్ హహ్ హహ్" అని రొప్పుతూ తిరిగేవాళ్లు. ఊరిపెద్ద అరుగుమీద కూర్చుని రొప్పేవాడు. కొత్త పెళ్లికూతురు కొంగు చాటున రొప్పేది.

చెమట పట్టేది కుక్కలకి. రోహిణి కార్తెలో కూడా వాటి ఒళ్లు చల్లగా, కుండలా ఉండేది. నాలుక నోట్లో బుద్ధిగా పెట్టుకుని, కబుర్లు చెప్పుకుంటూ తిరిగేవి. అవును మరి, మాట్లాడేవి! నాలుక ఖాళీగా ఉంటే మాటలు రాక ఏం చేస్తాయి?

అందుకే మధ్యాహ్నం పూట మనుషులకు కుక్కలే దిక్కు. కోడలు "హహ్ హుప్పు హహ్" అంటే, కుక్క పక్కింటికి వెళ్లి, "మా కోడలమ్మ చారెడు ఉప్పు అడుగుతోందండీ. అరిసె ఉంటే నాకొకటి ఇమ్మంది కూడా" అని సొంతంగా ఒక ముక్క కలిపి చెప్పేది.

ఆ రోజుల్లో జీడిగుంటపాలెంలో మాణిక్యమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకు నూటపదహారు పెళ్లిపాటలు వచ్చు. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నవి కొన్ని, అత్తగారి దగ్గర నేర్చుకున్నవి కొన్ని. ఊళ్లో ఎవరి పెళ్లయినా తెల్లవారుజామున ముహూర్తం పెట్టించుకుని ఆవిడ చేత పాడించుకునేవాళ్లు.

కానీ ఒక్క పెళ్లికి మాత్రం ఆవిడ పాడలేకపోయేది. అది రాములవారి పెళ్లి.

శ్రీరామనవమి వచ్చేది చైత్రంలో. ముహూర్తం సరిగ్గా నడినెత్తిన సూర్యుడున్నప్పుడు. ఇంకేముంది! పురోహితుడు అవధానిగారు మంగళసూత్రం ఎత్తి పట్టుకునేసరికి ఆయన నాలుక గడ్డం దాకా వేలాడేది. "హాంహల్యం హంహుహాహేహ..." అనేవారు. అది ఏ మంత్రమో ఆయనకే తెలిసేది కాదు. తెలియని మంత్రంతో దేవుడికి తాళి ఎలా కట్టిస్తారు? ముహూర్తం దాటిపోయేది. సీతమ్మవారు బుగ్గన చుక్కతో, నుదుట బాసికంతో మళ్లీ ఏడాదిదాకా అలాగే కూర్చునేది.

ఊళ్లో రాములవారి పెళ్లి చెయ్యడం మొదలుపెట్టాక ఇలా మూడేళ్లు గడిచాయి.

"నువ్వు చెప్పకూడదట్రా మంత్రాలు?" అని ఒకసారి మాణిక్యమ్మ తన కుక్కని అడిగింది. వాడి పేరు బూరెగాడు. కూనగా ఉన్నప్పుడు ఎర్రగా, గుండ్రంగా, అప్పుడే నూనెలోంచి తీసిన బూరెలా ఉండేవాడని ఆవిడే ఆ పేరు పెట్టింది.

"పోయినేడు చెప్పాను కదత్తా," అన్నాడు బూరెగాడు తల వంచుకుని. "సగం దాకా బాగానే చెప్పాను. అంతలో పిల్లి కనిపించింది."

నిజమే. ఆ పిల్లి వెనకాల వాడు తలంబ్రాల పళ్లెం మీంచి దూకి వెళ్లాడు. ఆ బియ్యం నెలరోజులపాటు ఊరంతా దొరుకుతూనే ఉన్నాయి.

నాలుగో ఏడు నవమి వచ్చింది. తాటాకు పందిరి వేశారు. పానకం కలిపారు, వడపప్పు నానేశారు. రాములవారినీ సీతమ్మవారినీ పీటల మీద కూర్చోబెట్టారు. అవధానిగారు మంత్రం మొదలుపెట్టారు. నడిమధ్యాహ్నం అయింది. "హాం..." అన్నారు. నాలుక జారి బయట పడింది. పందిరి నిండా జనం నాలుకలు వేలాడేసుకుని, "అయ్యో" అనడానికి కూడా లేక "హహ్హో" అన్నారు.

మాణిక్యమ్మకు కళ్లనీళ్లు తిరిగాయి. పందిరి చిల్లుల్లోంచి పైకి చూసింది. ఒక్కో చిల్లు దగ్గరా ఒక్కో బంగారు కన్ను! సూర్యుడు తొంగి చూస్తున్నాడు.

ఆవిడ చెయ్యి ఊపుతూ ఏదో గట్టిగా అరిచింది. "హహ్ హహ్ హూహ్యహాహాహణా!"

"సూర్యనారాయణా, కాస్త పక్కకి జరగవయ్యా అంటోంది మా అత్త," అని బూరెగాడు అర్థం చెప్పాడు.

"జరగడమా!" అన్నాడు సూర్యుడు. "ఎవరి పెళ్లనుకుంటున్నావు? మా వంశం కుర్రవాడిది! సూర్యవంశం పెళ్లికి సూర్యుడే రాకపోతే నలుగురూ ఏమనుకుంటారు? వరుడి తరఫు పెద్దని నేనే."

మాణిక్యమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఇంకాసేపు రొప్పింది.

"పెద్దవారు కదా, చదివింపులకి ఏం తెచ్చారని అడుగుతోందండీ," అన్నాడు బూరెగాడు.

చదివింపులంటే తెలుసుగా? పెళ్లికి వచ్చినవాళ్లు తలా ఒక కానుక ఇస్తారు. ఎవరు ఏం ఇచ్చారో ఒకరు గొంతెత్తి అందరికీ వినబడేలా చదువుతారు.

సూర్యుడు కొంచెం ఇబ్బంది పడ్డాడు. "వెలుగు తెచ్చానమ్మాయ్."

"అది రోజూ తెస్తారుగా అంటోందండీ."

సూర్యుడి ముఖం ఎర్రబడింది. అసలే ఎరుపు, ఇంకా ఎర్రబడింది. "సరే, ఏం కావాలో చెప్పు."

మాణిక్యమ్మ తన నాలుక చూపించింది. తర్వాత నోటిలోకి వేలు చూపించింది. దీనికి అర్థం చెప్పే పని బూరెగాడికి లేకపోయింది.

"నాలుక లోపలికి పోవాలంటే ఒంట్లో వేడి బయటికి పోవడానికి ఇంకో దారి ఉండాలి," అన్నాడు సూర్యుడు గడ్డం గోక్కుంటూ. "ఆ దారి చెమట. అదంతా ఎప్పుడో కుక్కలకి పంచేశాను. ఏ కుక్కయినా తన జాతి తరఫున చదివిస్తే, అది తీసి మీకు పంచగలను."

బూరెగాడు సీతమ్మవారి కేసి చూశాడు. నాలుగేళ్ల నుంచి కట్టిన బాసికం. మాణిక్యమ్మ కేసి చూశాడు. నూటపదహారు పాటలు గొంతులో కుక్కుకుని నాలుక బయటేసుకుని నిలబడిన అత్త.

వాడు రెండడుగులు ముందుకు వేసి, గొంతు సవరించుకున్నాడు.

"జీడిగుంటపాలెం వాస్తవ్యులు, మాణిక్యమ్మగారి బూరెగాడు, రాములవారి పెళ్లికి... కుక్కజాతి తరఫున... ఒంటిమీద చెమట మొత్తం... చదివిస్తున్నారహో!"

సూర్యుడు పందిరి చిల్లులోంచి ఇంకాస్త కిందికి వంగాడు.

"ఒరేయ్ పిచ్చివాడా, ఒంటినిండా బొచ్చు పెట్టుకుని చెమట ఇచ్చేస్తే నీ వేడి ఎటు పోతుందిరా?" అన్నాడు. "వీణ్ణి నీడన ఉంచాలి. దాహమయ్యేలోపే నీళ్లు పెట్టాలి. కాలే నేల మీద నడిపించకూడదు. మరిచారా, వీడి ప్రాణం దక్కదు. ఎవరిదమ్మా పూచీ?"

మాణిక్యమ్మ తన గుండె మీద చెయ్యి వేసుకుంది. నాది.

సూర్యుడు ఒక్క కిరణంతో బూరెగాడి వీపు నిమిరాడు. అంతే! వాడి ఒళ్లు పొడిగా, గరుగ్గా అయిపోయింది. పందిట్లో ఉన్న ప్రతి మనిషి నుదుటి మీదా ముత్యంలాంటి చుక్క ఒకటి పుట్టింది. నాలుకలన్నీ సర్రున లోపలికి వెళ్లాయి.

"ఇదేమిటయ్యోయ్, నేను కారిపోతున్నాను!" అని ఎవరో కెవ్వుమన్నారు.

"మాంగల్యం..." అన్నారు అవధానిగారు. ఆయనే ఉలిక్కిపడి, "విన్నారా? మాంగల్యం అన్నాను! మాంగల్యం! మాంగల్యం!" అని మూడుసార్లు అన్నారు. బాజాలు మోగాయి. నాలుగేళ్ల తర్వాత సీతమ్మవారి మెడలో తాళి పడింది. మాణిక్యమ్మ కళ్లు మూసుకుని మొదటి పాట ఎత్తుకుంది. తర్వాత రెండోది. తర్వాత మూడోది.

ఊరిపెద్ద భూషయ్యకు అప్పుడు ఒక గొప్ప ఆలోచన వచ్చింది.

"ఇంత మేలు చేసినవాణ్ణి ఊరికే పంపుతామా? సన్మానం చెయ్యాలి!"

బూరెగాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టారు. కుర్చీ ఎక్కడ వేశారు? అందరికీ కనిపించాలని పందిరి బయట, ఎండలో వేశారు. మెడలో బంతిపూల దండ వేశారు. ఆపైన, ఉన్న శాలువాల్లో మందపాటిది చూసి కప్పారు. ఆపైన భూషయ్య ఉపన్యాసం మొదలుపెట్టాడు.

పుట్టి బుద్ధెరిగాక మిట్టమధ్యాహ్నం మాట్లాడ్డం ఆయనకు అదే మొదలు. ఇక ఆపుతాడా! కుక్క గొప్పతనం గురించి చెప్పాడు. తన తాతగారి గురించి చెప్పాడు. తాతగారి ఎద్దు గురించి చెప్పాడు. "ముగించే ముందు రెండు మాటలు," అని నాలుగుసార్లు అన్నాడు.

ఈలోగా ఒకాయన బూరెగాడి చేత పానకం తాగించబోయాడు. మిరియాల ఘాటుకి వాడు పదకొండు తుమ్ములు తుమ్మాడు. ఇంకొకావిడ ఎండుద్రాక్ష వేసిన పరమాన్నం తెచ్చి ఒళ్లో పెట్టింది.

బూరెగాడికి ఒంట్లో పొయ్యి రాజేసినట్టుంది. చెవులు వేలాడాయి. ఎదురుగా భూషయ్య ఇద్దరుగా కనిపించాడు. లేచి నీడలోకి పోదామనుకున్నాడు కానీ, సన్మానం మధ్యలో లేస్తే మర్యాద కాదని ఊరుకున్నాడు. మెల్లగా "అత్తా" అన్నాడు. మాణిక్యమ్మకు వినబడలేదు. ఆవిడ అప్పటికి తొమ్మిదో పాటలో ఉంది.

"ఆ ఎద్దు కూడా ఒక సందర్భంలో..." అంటున్నాడు భూషయ్య.

దబ్బున శబ్దం వచ్చింది. శాలువాతో సహా బూరెగాడు కుర్చీలోంచి కింద పడ్డాడు.

పాట ఆగింది. మాణిక్యమ్మ కళ్లు తెరిచింది. కుర్చీ చూసింది, ఎండ చూసింది, శాలువా చూసింది. గుండె మీద వేసుకున్న చెయ్యి గుర్తొచ్చింది.

"నా తండ్రీ!" అని ఒక్క పరుగున వెళ్లింది. జీవితంలో ఊళ్లో ఎవరి మీదా గొంతు పెంచని మనిషి, ఆ రోజు భూషయ్యను చూసి, "ఎండలో శాలువా కప్పడానికి నీకు చేతులెలా వచ్చాయయ్యా? ముందు నువ్వు కప్పుకుని కూర్చో!" అని అరిచింది. శాలువా లాగి ఆయన మీదే పడేసింది. పరమాన్నం గిన్నె తీసి అవతల పెట్టింది. "ఎండుద్రాక్ష కుక్కకి విషం. ఎవరైనా పెడతారా!"

బూరెగాణ్ణి ఎత్తుకుని పందిరి నీడలో తడి ఇసుక మీద పడుకోబెట్టింది. పానకం బిందెల పక్కనున్న చన్నీళ్ల కుండలో కొంగు ముంచి పాదాలు తడిపింది, పొట్ట తడిపింది. అవధానిగారు తాటాకు విసనకర్రతో విసురుతున్నారు.

వాడు కళ్లు తెరవలేదు.

"స్వామీ, వాడి చెమట వాడికి ఇచ్చెయ్యండి!" అని మాణిక్యమ్మ పైకి చేతులు జోడించింది. "మాకొద్దు. మళ్లీ రొప్పుతాం. నూటపదహారు పాటలూ మింగేస్తాను."

సూర్యుడు తల అడ్డంగా ఊపాడు. "పెళ్లిలో చదివించింది వెనక్కి తీసుకునే ఆచారం ఎక్కడైనా ఉందా తల్లీ? నాకు చేతకాదు. వేడి పోవడానికి ఇంకేదైనా దారి తెలిస్తే నువ్వే చూపించు."

ఇంకో దారి!

మాణిక్యమ్మకు చటుక్కున తట్టింది. ఆ దారి తెలియనిదెవరికి? ఇందాకటిదాకా తామంతా బతికింది ఆ దారినే!

ఆవిడ ఇసుకలో బోర్లా పడుకుని బూరెగాడి ముఖం దగ్గర ముఖం పెట్టింది. "ఒరేయ్ బూరెగా, ఇలా చూడు. నాలుక బయట పెట్టు. ఇలా! హహ్... హహ్... హహ్..."

బూరెగాడు ఒక కన్ను తెరిచాడు. నాలుక కొస కొంచెం బయట పెట్టాడు.

"అలా కాదురా, సిగ్గుపడకు! అంతా బయటికి! అవధానిగారూ, చూపించండి మీరు!"

అవధానిగారు విసనకర్ర పక్కన పడేసి, పట్టుబట్టలతో పక్కన చతికిలబడి, "హహ్ హహ్ హహ్" అన్నారు. భూషయ్య శాలువాతోనే వచ్చి మోకాళ్ల మీద కూర్చుని అందుకున్నాడు. చూస్తూండగానే ఊరు ఊరంతా చుట్టూ చేరి, చెమటలు కారుస్తూ, నాలుకలు బయట పెట్టి, ఒక కుక్కకి రొప్పడం నేర్పుతోంది. పీటల మీద సీతమ్మవారు పక్కకి తిరిగి రాములవారిని చూసి నవ్విందని కొందరంటారు.

"హ్..." అన్నాడు బూరెగాడు. తర్వాత "హహ్" అన్నాడు. నాలుక పూర్తిగా జారి పక్కకి వేలాడింది. "హహ్ హహ్ హహ్ హహ్!" లోపలి సెగ బయటికి, బయటి గాలి లోపలికి. చూపు కుదురుకుంది. తోక ఒకసారి ఇసుక మీద టప్పున కొట్టాడు.

మాణిక్యమ్మ మట్టిమూకుట్లో నీళ్లు పెట్టింది. ఎవరో బిందెడు పట్టుకొస్తే ఆపి, "మెల్లగా తాగనివ్వండి," అంది.

సూర్యుడికి మనసు కుదుటపడింది. "చదివించింది తిరిగివ్వకూడదు సరే, వచ్చిన అతిథికి తాంబూలం ఇవ్వకూడదని లేదుగా," అని గొణుక్కుని, ఎవరూ చూడకుండా బూరెగాడికీ, వాడి జాతికంతటికీ నాలుగు పాదాల కింద నాలుగు చుక్కల చెమట పెట్టేశాడు. తర్వాత, నాలుగు నవముల్లో మొదటిసారి, ఒక మబ్బు చాటుకి జరిగాడు.

"ఏరా, ఎలా ఉందిరా?" అని అడిగింది మాణిక్యమ్మ.

బూరెగాడు చాలా చెప్పాలనుకున్నాడు. శాలువా గురించి, తాతగారి ఎద్దు గురించి, ముఖ్యంగా పరమాన్నం గురించి. కానీ నాలుకకి తీరిక ఏది? మాటకి బదులు ఆవిడ చెయ్యి నాకాడు.

ఆ సాయంత్రం చల్లబడ్డాక మాణిక్యమ్మ మిగతా పాటలన్నీ పాడింది. ఒక్కో పాట కాగానే లేచి వెళ్లి మూకుడులో నీళ్లున్నాయో లేదో చూసి వచ్చింది.

అప్పటినుంచే మనుషులకు ఎండలో చెమట పడుతోంది, నోళ్లు ఖాళీ అయి ఉపన్యాసాలు పెరిగాయి. అప్పటినుంచే కుక్క మాటలు మాని, నాలుక బయట వేసి రొప్పుతోంది. చెమట కావాలంటే దాని పాదాల కింద తప్ప ఇంకెక్కడా సరిగ్గా దొరకదు. ఎండాకాలంలో అది మీ గుమ్మంలో నిలబడి, నాలుక వేలాడేసుకుని, మీ ముఖంలోకి చూస్తుంది చూడండి, మాణిక్యమ్మ పూచీ గుర్తుచేయడానికే. పెళ్లిలో చదివించింది తిరిగి అడగకూడదని దానికి తెలుసు. అందుకే చెమట అడగదు. నీళ్లే అడుగుతుంది.