వట్టి ఇసుక అన్న చోటు

గుమ్మిడిపాలెం రేవులో కొర్లయ్య అనే పీతల వేటగాడు ఉండేవాడు. కుడిచెయ్యి వల ఎక్కడ వేసిందో ఎడమచేతికి కూడా చెప్పని గుట్టు మనిషి అతను.

ఆ గుట్టంతా ఒక్క చోటు కోసమే. చిన్నప్పుడు వాళ్ళయ్య అతన్ని తెప్ప మీద కూర్చోబెట్టుకుని సముద్రంలోకి తీసుకెళ్ళాడు. ఒడ్డుకేసి చెయ్యి చూపించి, "కొండ కొమ్మూ, సున్నపుబట్టీ గొట్టమూ ఒక్క గీతలోకి వచ్చినాయా? ఇదేరా మన సోటు," అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు గానీ, అప్పుడే వల పైకి వచ్చింది. చుక్కల పీతలు, చారల పీతలు, శంఖాల్లో కాపురముండే బుల్లి పీతలు, మీసాలు ఊపుకుంటూ రాతిరొయ్యలు! పిల్లవాడి కళ్ళకు అదో తిరునాళ్ళు. ముసలివాడయ్యాక కూడా ఆ పొద్దు తలుచుకుంటే చాలు, కొర్లయ్య మొహం వెలిగిపోయేది.

ఒక ఏడు సువర్చల అనే అమ్మాయి కాలేజీ నుంచి రేవుకు వచ్చింది. ఆ తీరంలో సముద్రం అడుగున ఏ పీతలు, ఏ రొయ్యలు ఎక్కడెక్కడ బతుకుతున్నాయో పటం గీయడం ఆమె పని.

"సముద్రమంతా గాలించడం నా వల్ల కాదు. నలభై చోట్లే చూడగలను. అవేవో మీరే చూపించాలి," అంది.

వేటగాళ్ళంతా తలో చోటు చూపించారు. చివరికి కొర్లయ్య వంతు వచ్చింది.

"తాతా, కొండకెదురుగా లోపల ఏముంది?"

"ఏటుంటాదమ్మా! వట్టి ఇసక. పీత మాట దేవుడెరుగు, పీత గుడ్డు కూడా నేదు."

ఆమె నమ్మింది. పటంలో అక్కడ ఖాళీ అని రాసుకుంది. ఇంటికెళ్ళి కొర్లయ్య మీసం మెలేశాడు.

"సదువుకున్న పిల్లకి అబద్దం సెప్పీసినావు. సముద్రం ఇంటాది సుమీ," అంది భార్య పోలమ్మ. ఆమె మాట అతను చెవిన పెట్టలేదు.

మరుసటి ఏడు దక్షిణాన ఓడల కోసం కొత్త రేవు తవ్వడం మొదలుపెట్టారు. తవ్విన బురద ఎక్కడ పొయ్యాలా అని అధికారులు ఆ పటం విప్పి చూశారు. ఏ ప్రాణీ లేని చోటు ఒక్కటే కనిపించింది.

బార్జీ పడవలు తన చోట్లోనే బురద పోస్తున్నాయని కొర్లయ్యకు తెలిసింది. పరుగున కాలేజీకి, సువర్చల దగ్గరికి వెళ్ళాడు.

"ఆపించమ్మా! అక్కడ పీతలున్నాయి, రాతిరొయ్యలున్నాయి. మా అయ్య సూపించిన సోటమ్మా అది!"

ఆమె పుస్తకం తెరిచింది. "మీరు చెప్పిందే రాశాను తాతా," అంది. అప్పటికీ కాళ్ళరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగి ఆపించింది. కానీ ఈలోగా నెల దాటిపోయింది.

కొర్లయ్య పడవ వేసుకుని వెళ్ళాడు. కొండ కొమ్మూ, గొట్టమూ ఎప్పటిలాగే ఒక్క గీతలోకి వచ్చాయి. వల లాగితే నల్లటి బురద వచ్చింది. అందులో ఒక్కటే చుక్కల పెంకు, లోపల పీత లేదు. దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తుంటే, అరవై ఏళ్ళ కిందట వాళ్ళయ్య అన్న రెండో మాట ఇప్పుడు గుర్తొచ్చింది.

"అడిగినోళ్ళకి సూపించరా. మనకీ ఎవరో సూపించిందే ఇది."

కొర్లయ్య పడవలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

నీతి: నలుగురూ ఎరిగిన సంపదను నలుగురూ కాపాడతారు, దాచుకుని లేదన్నది నిజంగానే లేకుండా పోతుంది.