మోకాళ్లు వంచిన పుల్లగాడు

"తుమ్మ చిగురు నీకంట, తుమ్మ నీడ నాకంట, వాన గాని వచ్చెనంటే..." అక్కడిదాకా పాడి ఆగిపోయేది బొల్లి అవ్వ. చిన్నప్పటి పాట. ఆ తర్వాతి మాట ఆమెకెప్పుడూ గుర్తురాదు. ఓబులేసు దొడ్డిలో అన్నిటికన్నా ముసలి మేక ఆమె. మనవడు పుల్లగాడికి నాలుగు నెలలు. ఒళ్లు చిన్నది, తెలివి పెద్దది.

"రేపు పశువుల కాంపౌండరు వస్తాడంట అవ్వా. పోతులన్నిటికీ విత్తులు కొట్టిస్తారంట."

"కోత లేదులే నాయనా. పాలు తాగే పిల్లలకు విత్తుల మొదట్లో రబ్బరు రింగు బిగిస్తారు, నీ ఈడు వాళ్లకు పట్టకారుతో నరం నొక్కుతారు."

పక్క కొట్టంలో నెమరేస్తున్న మైల ఎద్దు తలెత్తాడు. "నాకూ పట్టకారే అల్లుడా. ఒక్క నొక్కుడు. నా కేక గుట్ట అవతలికి వినపడింది. వారం కుంటినా, ఆపైన మడక కట్టి దున్నించినారు."

"సూది మందయితే?"

"పైదొడ్డి పోతుకు వేసినారు. నాలుగు రోజులు వాచిపోయి మేత ముట్టలేదు. తర్వాత లేచినాడు."

"మరి రింగు వేసిన పిల్లలు?"

"కాసేపు తన్నుకులాడి తల్లి పొదుగు కాడికి పోతాయి."

పుల్లగాడు నవ్వాడు. "ఇంత పెద్దోడివి, తెలియలేదా మామా? అరుపు లేనిదే మేలు గదా."

"అది పసి ఒంటికి రా. నీది ముదిరింది."

"నీ మాదిరి నన్నూ ఊరంతా వినేటట్టు అరవమంటావు."

మరునాడు వాడు పాలపిల్లల్లో దూరి, మోకాళ్లు వంచి, తోక ఆడిస్తూ నిలబడ్డాడు. కాంపౌండరుకు తొందర. ఈడు చూడకుండా రింగు ఎక్కించి తర్వాతి పిల్లను పట్టుకున్నాడు. అవ్వ అరిచింది. మేక అరుపు మనిషికేం తెలుస్తుంది? పట్టకారు పడ్డ పోతులు గుక్కపట్టి ఏడ్చాయి. పుల్లగాడు పళ్లు బిగించి ఎద్దు వైపు చూశాడు.

పది రోజులకు ఆ పోతులు తుమ్మ చిగురు కోసం కుమ్ముకుంటున్నాయి. పుల్లగాడికి రింగు కింద పుండు పడింది, ఈగలు ముసిరాయి. అవ్వ అడిగితే "ఏం లేదు" అనేవాడు. పన్నెండో రోజు దవడలు పట్టేశాయి, కాళ్లు కర్రల్లా బిగిశాయి.

కాంపౌండరు మళ్లీ వచ్చాడు. "ధనుర్వాతం. ఇంత పోతుకు రింగు ఎవరు వేశారు?" అని, వేసింది తానేనని గుర్తొచ్చి తల దించుకున్నాడు.

"అరుపు వినపడలేదని నొప్పి చిన్నదనుకోకూడదు," అన్నాడు మైల ఎద్దు, ఎవరితోనూ కాకుండా.

అవ్వ మనవడి నుదురు నాకుతూ ఆ పాటే అందుకుంది. వాన దగ్గర ఆగిపోయింది. బిగుసుకున్న పళ్ల సందునుంచి వాడు మెల్లగా అడిగాడు:

"నేను అరవలేదు గదా అవ్వా?"