వాడకుండా పారేసే మందు

డాక్టర్ సుగుణ మేరీ గారికి ఒక అలవాటు ఉండేది. ఏ వైద్యం గురించైనా "ఇది మంచిదా, చెడ్డదా?" అని శిష్యులెవరైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంటూ "అలాగే, చూద్దాం" అనేవారు. ఆ చూడటానికి ఒక్కోసారి గంట పట్టేది, ఒక్కోసారి ఏడాది పట్టేది. గుంటూరులో చర్మవ్యాధుల ప్రొఫెసరుగా చేసి రిటైరయ్యాక ఆమె తన ఇంటి ముందుగదిలోనే రోగుల్ని చూసేవారు. మాలాంటి పాత విద్యార్థులం కొందరం అక్కడికి వెళ్ళి, సాయపడుతూ నేర్చుకునేవాళ్ళం. సాకేత్ అనే కుర్రడాక్టరు ప్రశ్నకు ఆమె ఎలా జవాబిచ్చారో నేను కళ్ళారా చూశాను కనుక చెబుతున్నాను.

సాకేత్ అప్పుడే చదువు ముగించి, మాలాగే అక్కడికి వస్తుండేవాడు. ఊళ్ళో కొన్నేళ్ళుగా నడుస్తున్న ఒక పెద్ద సౌందర్య క్లినిక్ వాళ్ళు అతన్ని ఉద్యోగానికి రమ్మన్నారు. ముఖంలో గుంటలు, ముడతలు పడ్డచోట చర్మం కిందికి సూదితో జెల్ ఎక్కించి నింపడం అక్కడ ముఖ్యమైన పని. దాన్ని ఫిల్లర్ అంటారు. అతనికి ఆ పని మీద మోజూ ఉంది, బెరుకూ ఉంది.

"మేడం, దీనివల్ల లాభం ఎక్కువా, నష్టం ఎక్కువా?" అని అడిగాడు. అడిగి, రెండూ తనే ఏకరువు పెట్టాడు. కోత లేదు, కుట్లు లేవు, ఆ రోజే ఇంటికి వెళ్ళిపోవచ్చు, కొన్నాళ్ళకు దానంతటదే కరిగిపోతుంది. ఇక నష్టాలంటారా, వాపు, కమిలిన మచ్చలు, చిన్న గడ్డలు. ఎప్పుడో ఎక్కడో ఎవరికో రక్తనాళం మూసుకుపోవడం. ఈ ఆఖరి మాట దగ్గర అతని గొంతు మిగతావాటి దగ్గర ఎలా ఉందో అలాగే ఉంది.

"అలాగే, చూద్దాం" అన్నారు సుగుణ గారు.

ఆ వారంలోనే ఒక పొద్దున హైమ వచ్చింది.

హైమది మంగళగిరి. వయసు ముప్పై దాటి ఉంటుంది. కోటిలింగం అనే ఆయన చీరల దుకాణంలో పని. ఫోను ముందు నిలబడి, చీర విప్పి, అంచు చూపించి, కొంగు భుజాన వేసుకుని, లైవ్‌లో చూస్తున్నవాళ్ళు అడిగినదానికల్లా జవాబు చెబుతూ అమ్మేది. మాట కలుపుగోలుగా ఉండేదట. అయితే ఆ ఏడు డెంగీ వచ్చి తగ్గాక బుగ్గలు లోపలికి పోయాయి. ముక్కు పక్కనుంచి పెదవి చివరిదాకా గీతలు లోతుగా దిగాయి. ఆమె ఎవరో కూడా తెలియని జనం కింద కామెంట్లు రాయసాగారు. 'చీర కొత్తది, మనిషి పాతది' అని ఒకరు. 'ఆవిడకి బదులు బొమ్మకి కట్టి చూపించండి' అని ఇంకొకరు. కోటిలింగం వాటిని దుకాణంలో నలుగురి ముందూ పైకి చదివేవాడు. దసరా అమ్మకాలు దగ్గర పడ్డాక, "నీ మంచికే చెబుతున్నానమ్మా" అంటూ తనే ఆమెను సాకేత్‌ను రమ్మన్న ఆ క్లినిక్‌కే పంపించాడు.

ఆమె ముఖానికి చుట్టుకున్న చున్నీ తీసింది. ఎడమవైపు ముక్కు పక్కనుంచి పైపెదవి దాకా చర్మం మీద వల పరిచినట్టు ఊదారంగు చారలు.

"నిన్న మధ్యాహ్నం చేశారండీ" అంది. "సూది లోపల ఉండగానే మంట పుట్టింది. అక్కడంతా సున్నం పూసినట్టు తెల్లబడింది. అదేంటని అడిగితే మామూలే అన్నారు. ఇంటికెళ్ళాక నొప్పి ఎక్కువైందని ఫోన్ చేశాను. ఐస్ పెట్టుకోమన్నారు. పెట్టుకుంటూనే ఉన్నాను."

సుగుణ గారు వేలితో ఆ చర్మాన్ని నొక్కి వదిలారు. నొక్కినచోటికి రంగు తిరిగి రాలేదు. జెల్ రక్తనాళంలోకి వెళ్ళి అడ్డుపడింది. ఇలాంటప్పుడు వేడి కాపడం పెట్టాలి. ఐస్ పెడితే నాళాలు ఇంకా ముడుచుకుపోతాయి. ఆ సంగతి తెలియనివాడు సూది పట్టుకోకూడదు, తెలిసీ చెప్పనివాడు అసలు పట్టుకోకూడదు. సుగుణ గారి ముఖం కందగడ్డలా ఎర్రబడింది. అన్నేళ్ళలో ఆమెను అలా చూడటం నాకదే మొదలు.

"సాకేత్, వాళ్ళకి ఫోన్ చెయ్యి. విరుగుడు మందు ఎంత ఉంటే అంత ఇప్పుడే పంపమను."

ఆ జెల్‌ను కరిగించే మందు ఒకటి ఉంది. ఫిల్లర్ ఎక్కించేచోట అది చేతికందేంత దూరంలో ఉండాలి. సాకేత్ ఫోను స్పీకరులో పెట్టాడు. అవతలి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. సారు మీటింగులో ఉన్నారట. పేషెంటుకు కంగారు పడొద్దని చెప్పమంది. విరుగుడు మాట ఎత్తితే, "అది మేం స్టాకు పెట్టడం లేదండీ" అంది.

సాకేత్ ఫోను పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"నిలబడతావేం? కంటాసుపత్రికి వెళ్ళు" అన్నారు సుగుణ గారు. "శుక్లాల ఆపరేషన్‌కి మత్తుసూదిలో కలిపేది ఆ మందే. వాళ్ళ ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఉంటుంది. నా పేరు చెప్పి తీసుకురా."

అతను బండి తీసుకుని పరిగెత్తాడు. నేను వేడినీళ్ళలో గుడ్డ తడిపి కాపడం పెడుతూ కూర్చున్నాను. హైమ ఏడవలేదు. కాసేపటికి తనే మాట్లాడింది.

"కోటిలింగం గారు పంపిస్తే వెళ్ళానని అంటే సగం అబద్ధమండీ. నాకూ ఇష్టమే. కుడివైపు ముందు చేశారు. అద్దంలో చూపించారు. జ్వరానికి ముందు ఎలా ఉండేదాన్నో అలా కనిపించాను. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ తర్వాతే ఎడమవైపు మొదలుపెట్టారు."

సుగుణ గారు విన్నారు. తప్పనలేదు, ఒప్పనలేదు.

సాకేత్ మందు తెచ్చాడు. ఆ రోజంతా సుగుణ గారు ఆ పిల్ల పక్కనుంచి లేవలేదు. సూది వేయడం, నొక్కి చూడటం, రంగు రాకపోతే మళ్ళీ వేయడం. పొద్దు వాలేసరికి పెదవి రంగు తిరిగింది. చాలావరకు దక్కింది. ముక్కుపుటం పక్కన కొంచెం మేర మాత్రం ఆలస్యమైపోయింది. అక్కడి చర్మం నల్లబడి, పొక్కు కట్టి, రాలిపోయింది. మానడానికి వారాలు పట్టింది. మానాక మినపగింజంత గుంట మిగిలింది.

కట్లు కడుతున్న రోజుల్లోనే ఆ క్లినిక్ యజమాని డాక్టర్ కిరీటి సుగుణ గారిని చూడటానికి వచ్చాడు. అతనూ ఒకప్పుడు ఆమె విద్యార్థే. పళ్ళబుట్ట బల్లమీద పెట్టి, వినయంగా కూర్చున్నాడు. హైమకు జరిగింది ఒంటితత్వం వల్ల వచ్చిన ఎలర్జీ అని ఆమె ఒక మాట రాసిస్తే బాగుంటుందన్నాడు.

"ఎలర్జీ కాదు కదా" అన్నారు సుగుణ గారు.

"మేడం, లాభనష్టాలన్నీ ముందే వివరించాం. ఆవిడ సంతకం కూడా చేసింది. వేలమందిలో ఒకరికి ఇలా అవుతుంది. మొత్తం మీద చూస్తే ఇది మంచి ప్రొసీజరే. మీకు తెలియనిది కాదు."

"విరుగుడు ఎందుకు పెట్టుకోలేదు?"

కిరీటి కాస్త ఇబ్బందిగా నవ్వాడు. "అది ఊరికే ఎక్స్‌పైరీ అయిపోతోంది మేడం. రెండుసార్లు తెప్పించాం. రెండుసార్లూ వాడకుండానే పారేయాల్సొచ్చింది. వేస్టు కదా అని మానేశాం."

 సుగుణ గారు చాలా మెల్లగా అన్నారు.

"వాడకుండా పారేశావంటే ఆ ఏడాది ఎవరి మొహమూ పాడవలేదని అర్థం. దాన్ని నువ్వు నష్టంలో రాసుకున్నావు. ఈ పిల్లకు లాభనష్టాలు వివరించానంటున్నావే, ఈ నష్టం సంగతి కూడా వివరించావా? మా దగ్గర విరుగుడు లేదు, నీకేమన్నా అయితే ఐస్ పెట్టుకోమంటాం అని చెప్పే సంతకం పెట్టించుకున్నావా?"

అతను బుట్ట అక్కడే వదిలి వెళ్ళబోయాడు. ఆమె దాన్ని అతని చేతికిచ్చి పంపించారు. తను చూసింది చూసినట్టు నాలుగు వాక్యాలు రాసి హైమకు ఇచ్చారు. దాంతో హైమ ఫిర్యాదు చేసింది. విచారణ అన్నారు, పిలుస్తామన్నారు. ఇది రాస్తున్న నాటికి పిలవలేదు. కిరీటి క్లినిక్ ముందు నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ ఇంకా అలాగే వెలుగుతోంది.

సాకేత్ ఆ ఉద్యోగంలో చేరలేదు. అంతటితో ఊరుకోలేదు కూడా. ఫిల్లర్ అంటేనే భగ్గుమనేవాడు. ఆ సూదిని దేశంలోనే నిషేధించాలనేవాడు. అడగడానికి వచ్చిన ఆడవాళ్ళను గుమ్మంలోనే చీవాట్లు పెట్టి పంపేవాడు. తన ప్రశ్నకు జవాబు దొరికిపోయిందని అతని నమ్మకం. సుగుణ గారు అవునని గానీ, కాదని గానీ అనలేదు.

దసరా వెళ్ళింది. కోటిలింగం ఫోను ముందు ఇంకో అమ్మాయిని నిలబెట్టాడు. హైమను వెనకగదిలో చీరలు మడతపెట్టే పనికి పంపాడు. "గాయం మానేదాకా" అన్నాడు గాని, మానాక మళ్ళీ పిలవలేదు. ఆమె కొంతకాలం చూసి, పని మానేసింది. తెలిసిన నేతగాళ్ళ దగ్గర చీరలు తీసుకుని, తన ఇంట్లోంచి తనే లైవ్ పెట్టడం మొదలుపెట్టింది.

ఎండాకాలం ముగుస్తుండగా ఆమె మళ్ళీ సుగుణ గారి దగ్గరికి వచ్చింది. ముక్కు పక్కనున్న గుంట చూపించి, దాన్ని నింపడానికి వీలవుతుందా అని అడిగింది.

"దేంతో?" అన్నాడు సాకేత్.

"ఆ జెల్‌తోనే."

అతనికి కోపం ఆగలేదు. "ఇంత జరిగినా నీకు బుద్ధి రాలేదా అమ్మా? మేం ఆ రోజంతా కూర్చుని నిన్ను కాపాడింది ఇందుకా? పోయి మళ్ళీ ఆ బొందలోనే పడతానంటావా?"

నేను సుగుణ గారి వైపు చూశాను. ఆమె ఏదో అనబోతుండగా హైమే నెమ్మదిగా జవాబు చెప్పింది. తల దించలేదు.

"లైవ్ పెట్టగానే అందరూ ఆ మచ్చేంటనే అడుగుతారు డాక్టరుగారూ. పాపమంటారు. ఎవరు చేశారంటారు. చెప్పిందే చెబుతున్నాను. చీర గురించి ఒక్కరూ అడగరు. నాకు దాని గురించి మాట్లాడటం ఇక ఇష్టం లేదు. అప్పుడు మొహం బాలేదు, నింపించుకో అన్నారు. ఇప్పుడు మీరు బుద్ధి లేదు, మానుకో అంటున్నారు. వాళ్ళు వెక్కిరించారు, మీరు కోప్పడుతున్నారు. మొహం మాత్రం నాది."

 సుగుణ గారు కుర్చీ దగ్గరకు జరుపుకున్నారు.

"హైమా, నేను చెప్పేది పూర్తిగా విను. అక్కడ రక్తనాళాలు ఇదివరకటిలా లేవు. ఆ రోజు జరిగిందే మళ్ళీ జరగొచ్చు. మామూలు మనిషికన్నా నీకు ఆ భయం ఎక్కువ. ఏమీ కాకపోయినా గుంట పూర్తిగా పోదు, సగం పూడుతుంది. అదీ కొన్నాళ్ళే. అలాగే వదిలేసినా ఒంటికి ఏ ముప్పూ లేదు. ఇంటికెళ్ళి ఆలోచించుకో. వద్దనుకుంటే నాకు సంతోషం. కావాలనుకుంటే కోపం లేదు."

"చేశాక నాకేమన్నా అయితే మీరు ఉంటారా?"

"సాయంత్రం దాకా నిన్ను ఇక్కడే కూర్చోబెడతాను. ఇంటికెళ్ళాక నువ్వు ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తుతాను."

హైమ వెళ్ళిపోయింది. మూడు వారాల దాకా రాలేదు. మానేసిందనుకున్నాం. నాలుగో వారంలో ఒక ఉదయం టిఫిను డబ్బా కూడా తెచ్చుకుని వచ్చింది, రోజంతా ఉండాలన్నారు కదా అని.

సుగుణ గారు ముందు విరుగుడు మందు సీసాలు తీసి పళ్ళెంలో వరసగా పెట్టించారు. వేడినీళ్ళ ఫ్లాస్కు పెట్టించారు. ఆ తర్వాతే జెల్ తెరిచారు. మొన లేని సన్నని గొట్టంతో, చుక్క వేసి ఆగడం, రంగు చూడటం, మళ్ళీ చుక్క వేయడం. అంత చిన్న గుంటకు అంతసేపు పట్టడం నేను ఎక్కడా చూడలేదు. సగం పూడగానే ఆపేశారు. ఇంకొంచెం వేస్తే బాగుంటుందేమోనని నాకే అనిపించింది. ఆమె చెయ్యి వెనక్కి తీసేసుకున్నారు.

హైమకు అద్దం ఇచ్చాం. చూసుకుంది.  ముక్కు పక్కన వేలితో ఒకసారి తాకబోయి, తాకకూడదని గుర్తొచ్చి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. పెదవులు మాత్రం కొద్దిగా విచ్చుకున్నాయి.

సుగుణ గారు సాకేత్‌ను హైమ ఎదురుగా స్టూలు మీద కూర్చోమన్నారు. రంగు తేడా వస్తే క్షణం ఆగకుండా చెప్పమన్నారు. అతను కూర్చున్నాడు. సుగుణ గారు మూలనున్న సింకు దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. అతను అటు తిరిగి, చాలాకాలంగా లోపల అణిచిపెట్టుకున్నది అడిగేశాడు.

"మేడం, నేను ఆ రోజు అడిగాను. మీరు చెప్పలేదు. తీరా మీ చేతుల్తో మీరే చేశారు. ఇప్పుడైనా చెప్పండి. దీనివల్ల లాభం ఎక్కువా, నష్టం ఎక్కువా?"

ఆమె కుళాయి కట్టేశారు.

"నా వైపు తిరిగి అడుగుతావేం నాయనా?" అన్నారు. "ఆ పిల్ల మొహం చూస్తూ అడుగు."