ఆకు కంటే ముందు పువ్వు

ఒకప్పుడు అడవి పసుపు మొక్కకు దుంప ఉండేది కాదు. నవ్వకండి, నిజమే చెబుతున్నా. దాని ప్రాణమంతా ఆకుల్లోనే ఉండేది. పెద్ద ఇప్పచెట్టు నీడలో, మండుటెండల్లో కూడా నిగనిగలాడుతూ ఉండేది.

ఆ ఆకులంటే దానికి మహా మురిపెం. పొద్దున్నే మంచుతో మొహం కడుక్కుని, పక్కనున్న గడ్డిని చూసి "ఎండ తగిలితే చాలు, వాడిపోతావు. నీదీ ఒక బతుకేనా?" అనేది. గడ్డి పాపం, గొణుక్కుని ఊరుకునేది.

నేల మాత్రం ఊరుకోలేదు. "కాస్త ప్రాణం నా దగ్గర కూడా దాచుకోవే అమ్మాయ్. గడ్డి దాచుకోలేదూ?" అంది.

"ఆ మట్టిలోనా? నన్నెవరు చూస్తారక్కడ?" అంది పసుపు.

ఇప్పపూలు రాలే రోజులొచ్చాయి. పక్క గూడెం నుంచి సింగమ్మ బుట్ట పట్టుకుని వచ్చింది. ఏటా పూలు ఏరుకుని, పసుపు పక్కనే కూర్చుని జావ తాగి, చివరి గుక్క దాని మొదట్లో పోసేది. అందుకే పసుపుకు ఆవిడంటే అంత ఇష్టం.

ఆ ఏడు ఎండుటాకులు మోకాలి లోతు పడ్డాయి. రాలిన పూలు కనబడవు. ఆకులు కాల్చేస్తే సరి అనుకుంది సింగమ్మ. గూడెంలో అందరూ చేసే పనే. కాకపోతే వాళ్లు ముందు మంట దాటిపోకుండా చెట్టు చుట్టూ బారెడు వెడల్పున ఊడ్చి, అప్పుడు అంటిస్తారు. ఈవిడ తొందరలో ఆ ఊడ్చే పని ఎగ్గొట్టి నిప్పంటించేసింది.

అంతలో గాలి లేచింది. మంట చెట్టు కింద ఆగుతుందా? పరుగందుకుంది. సింగమ్మ పచ్చి కొమ్మ విరిచి కొట్టింది, మొత్తుకుంది. లాభం లేకపోయింది.

"మంటన్నా, నన్నొదిలెయ్" అని పసుపు బతిమాలింది.

"కనబడిందల్లా తింటాను చెల్లీ. ఏరుకుని తినే అలవాటు నాకు లేదు" అన్నాడు మంటన్న.

"విన్నావుగా, కనబడిందే తింటాడట. కనబడకుండా నా దగ్గరికి రా" అంది నేల.

పసుపు తన ఆకుల్ని ఒక్కసారి చూసుకుంది. ఏడుపొచ్చింది. అయినా వాటిలోని ప్రాణమంతా కిందికి లాక్కుని, మట్టిలో గుప్పెడు దుంపై ముడుచుకుంది. పైన ఆకులు చిటపటా కాలిపోయాయి.

మంట ఆరాక సింగమ్మ ఆ బూడిదలో చతికిలబడింది. "నా చేతులారా చంపుకున్నానే తల్లీ" అని ఏడ్చింది. ఆ రోజే కాదు, రోజూ వచ్చి అక్కడే కూర్చునేది. తెచ్చుకున్న జావ ముట్టేది కాదు.

కింద పసుపుకు అంతా వినబడుతూనే ఉంది. బతికే ఉన్నానత్తా అని చెబుదామంటే పైన ఒక్క ఆకు కూడా లేదాయె.

తొలకరి పడింది. గడ్డి అప్పుడే పచ్చగా తల ఎత్తేసింది.

"ముందు ఆకులు వెయ్యి. పువ్వు తర్వాత. అదీ పద్ధతి" అంది నేల.

"అవి విచ్చుకునేసరికి నెల పడుతుంది. అన్నాళ్లూ అత్త ఏడుస్తూ కూర్చోవాలా?" అంది పసుపు. ఆకులంటే పడిచచ్చేది కాస్తా వాటి ఊసే ఎత్తకుండా, బూడిదను తోసుకుని గులాబీరంగు పువ్వును పైకి పంపింది.

సింగమ్మ చూసింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, ఆ పక్కనే కూర్చుని జావ తాగింది. చివరి గుక్క పువ్వు మొదట్లో పోసింది.

అప్పటినుంచే అడవి పసుపు ఎండలు ముదరక ముందే ఆకులు వదిలేసి నేలలోకి దిగిపోతుంది. తొలకరి పడగానే మాత్రం, తన కోసం ఎవరు బెంగపడుతున్నారో ఏమోనని, ఆకు కంటే ముందు పువ్వును పంపిస్తుంది.