ఆ ఇంటికి వీపు పెట్టి

విలేకరి ఉరుకుందు తెచ్చిన వార్త మామూలుది కాదు. ఎమ్మెల్యే ప్రతి బేస్తవారం పొద్దున పదింటికి గెస్ట్‌హౌస్ ఎదురుగా ఉన్న ఇంట్లోకి పోయి, మధ్యాహ్నం ఒంటిగంట దాటితే గానీ బయటికి రావడం లేదు. ఆ ఇంట్లో ట్యూషన్లు చెప్పుకునే ఒక టీచరమ్మ, పదో తరగతి చదివే ఆమె కూతురు ఉంటారు. ఎమ్మెల్యే భార్యాబిడ్డలు ఉండేది వేరే వీధిలో. ఇంతకంటే విప్పి చెప్పక్కర్లేదు.

ఉరుకుందు మాత్రం విప్పే రాశాడు. ఏ వారం ఏ రంగు చొక్కా, లోపలికి పోయిన మల్లెపూల పొట్లం, కిటికీ తలుపు ఎన్నింటికి మూసుకుంది, ఒక్కటీ వదల్లేదు.

వారపత్రిక నడిపే ఖుద్దూస్ సాబును ఆ నాపరాళ్ళ ఊళ్ళో అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు. పాఠం చెప్పమంటే చెప్పే మనిషి కాదు. ఆయన దగ్గర రాయడం నేర్చినవాళ్ళంతా ఆయన కొట్టివేతలు చూసి నేర్చినవాళ్ళే. ఆ రోజు మాత్రం ఉస్తాద్ ఏమీ కొట్టివేయలేదు. టీచరమ్మ కూతురు చదివే బడి పేరు దగ్గర ఆయన వేలు కాసేపు ఆగింది, అంతే.

"ఇది వేస్తే తప్పా ఉస్తాద్?" అడిగాడు ఉరుకుందు. "ఓట్లేసినోళ్ళకు తెలియొద్దా? మీరు వెయ్యకుంటే జిల్లా పేపరోళ్ళు వేస్తామంటున్నారు. ఉద్యోగం గూడా ఇస్తారంట."

బెదిరించడానికి అన్న మాట కాదది. మూడేళ్ళుగా ఇక్కడ టీ ఖర్చులకే పనిచేస్తున్నాడు. ఇంట్లో ఆ ఉద్యోగం కోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తున్నారు. అయినా ఉస్తాద్ సరేననకుండా ఆ కాగితాలు ఇంకొకరి చేతిలో పెట్టడానికి అతనికి చెయ్యి రాలేదు.

"ఎన్ని వారాలు చూసినావు?"

"నాలుగు."

"యాడ కూచోని?"

"గెస్ట్‌హౌస్ ప్రహరీ మీద. పొట్టి గోడ గదా, ఎక్కి కూచుంటే ఇల్లు బాగా కనపడతాది."

"ఎటు తిరిగి?"

ఉరుకుందుకు నవ్వొచ్చింది. "ఇంటి పక్కకే ఉస్తాద్. ఇంకెటు తిరుగుతా?"

ఉస్తాద్ కాగితాలు మడిచి సొరుగులో పెట్టాడు. "వచ్చే బేస్తవారం అదే గోడ మీద కూచో. ఆ ఇంటికి వీపు పెట్టి. ఏం జరిగినా వెనక్కు తిరగొద్దు. కనపడింది రాసుకోని రా. ఆ తర్వాత ఈ కాగితాలు నీ ఇష్టం, ఎవరికన్నా ఇచ్చుకో."

వారమంతా ఉరుకుందు బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. ఇల్లు చూడకుండా ఇంటి సంగతి ఎట్లా తెలుస్తుంది? ముసలాయనకు చాదస్తం పట్టిందా? లేక ఎమ్మెల్యే మనుషులు వచ్చి ఏమన్నా చెప్పి పోయారా? అట్లా అనుకున్నందుకు మళ్ళీ తనను తనే తిట్టుకున్నాడు.

బేస్తవారం వచ్చింది. కాళ్ళు గెస్ట్‌హౌస్ ఆవరణలోకి వేలాడేసి గోడ మీద కూర్చున్నాడు. పదింటికి వెనక జీపు ఆగింది. గేటు కిర్రుమంది. మెడ దానంతటదే తిరగబోయింది. పళ్ళ బిగువున ఆపుకున్నాడు.

ఎదురుగా రేకుల షెడ్డు కింద జనం ఉన్నారు. చేతుల్లో అర్జీలు. బేస్తవారం పది నుంచి ఒంటిగంట దాకా ఎమ్మెల్యే అక్కడ అర్జీలు తీసుకోవాలి. ఆ సంగతి ఉరుకుందుకు తెలియంది కాదు. నాలుగు వారాలూ ఆ జనం మధ్య నుంచే దారి చేసుకుని వచ్చి గోడ ఎక్కాడు. ఈ రోజు మొదటిసారి లెక్కపెట్టాడు. అరవై ఒక్కమంది. అరగంటకోసారి అటెండరు వరండాలోకి వచ్చి, "సారు మీటింగులో ఉండారు, వస్తారు" అని చెప్పి పోతున్నాడు. ఏ మీటింగని ఎవరూ అడగడం లేదు.

గోడ పక్కనే ఒక ముసలాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళు నాపరాళ్ళు మోసి మోసి బొటనవేలి గీతలు అరిగిపోయాయి. మిషను వేలిముద్ర తీసుకోదు. మూడు నెలలుగా పింఛను లేదు. ఎమ్మెల్యే ఒక మాట రాసిస్తే ఆఫీసులో పని అవుతుందని ఎవరో చెప్పారు.

"ఎన్నిసార్లు వచ్చినావు పెద్దాయనా?"

"ఇది ఐదో బేస్తవారం నాయనా."

"నేనూ ఐదు వారాలుగా ఈడనే ఉండానే. నిన్ను చూడనే లేదు."

"నేను చూసినా గదా," అన్నాడు ముసలాయన మామూలుగా. "పేపరాయన వచ్చినాడని మావాళ్ళకు గూడా చెప్తి. ఎప్పుడన్నా ఇటు తిరుగుతావేమోనని నీ వీపు పక్కే చూస్తాంటిమి."

ఉరుకుందు గోడ దిగి, ముసలాయన పక్కనే నేల మీద కూర్చుని నోటుబుక్కు తీశాడు.

ఎమ్మెల్యే ఒకటింపావుకు వచ్చాడు. ముగ్గురి అర్జీల మీద సంతకం పెట్టి, మిగతావాళ్ళను వచ్చే వారం రమ్మని జీపెక్కాడు. ఆ సాయంత్రం జిల్లా పేపరు నుంచి రెండుసార్లు ఫోను వచ్చింది. ఉరుకుందు ఎత్తలేదు. అప్పటికి రాస్తున్నాడు.

మర్నాడు ఉస్తాద్ ముందు ఒకే పేజీ పెట్టాడు. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారు, ఎన్నోసారి, దేనికోసం. అటెండరు ఏ గంటకు ఏమన్నాడు. ఎంతమంది వెనక్కు పోయారు. ఉస్తాద్ చివరిదాకా చదివి, 'పాపం' అనే మాట ఒక్కటి కొట్టేశాడు.

ఉరుకుందు కాసేపు నసిగాడు. "ఉస్తాద్, చదివినోళ్ళంతా ఒకటే అడుగుతారు. ఆ మూడు గంటలూ ఆయన యాడ ఉన్నాడని. అది రాయకుంటే వార్త సగమే గదా?"

ఉస్తాద్ పేజీని అచ్చుకు పంపించి, కళ్ళద్దాలు తీశాడు.

"యాడ లేడో రాసినావు గదా. ఊరికి కావాల్సింది అదే."